అంతరిక్ష శ్రవ్య నాటకం

భూమికి దూరంగా వ్యోమనౌకలోనో, అంతరిక్ష కేంద్రంలోనో, మరో గ్రహం మీదో జరిగే కథను మాట, శబ్దం, సంగీతం, మౌనం అనే నాలుగింటితోనే నడిపే నాటకం అంతరిక్ష శ్రవ్య నాటకం. వైజ్ఞానిక కల్పనా సాహిత్యమూ రేడియో నాటకమూ కలిసిన చోట పుట్టిన ప్రక్రియ ఇది. 1930ల్లో అమెరికా రేడియోలో పిల్లల ధారావాహికగా మొదలైంది. 1950ల్లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ పెద్దలు వినే నాటకంగా ఎదిగింది. టెలివిజన్ వచ్చాక వెనకబడి, 2010ల నుంచి పాడ్‌కాస్టుల రూపంలో మళ్లీ చిగురించింది. పదుల భాగాల ధారావాహికలు ఇందులో ఎన్నో ఉన్నా, ఈ ప్రక్రియ సత్తా పూర్తిగా బయటపడేది ఇరవై ముప్ఫై నిమిషాల్లో ముగిసిపోయే పొట్టి నాటికలోనే.

చెవికి ఎందుకు పొసగింది

బి.బి.సి. 1924 జనవరి 15న ప్రసారం చేసిన ‘ఎ కామెడీ ఆఫ్ డేంజర్’ రేడియో కోసమే రాసిన తొలి నాటకంగా పేరు పొందింది. రిచర్డ్ హ్యూస్ ఆ కథను వేల్స్‌లోని ఒక బొగ్గుగనిలో పెట్టాడు. గని చూడవచ్చిన వాళ్లు లోపల ఉండగా దీపాలు ఆరిపోతాయి. అక్కణ్నుంచి పాత్రలకూ ఏమీ కనపడదు, శ్రోతకూ ఏమీ కనపడదు. చూపు లేకపోవడం ఈ నాటకంలో లోటు కాలేదు, కథే అయింది. అంతరిక్ష నాటకానికి పునాది ఈ ఉపాయమే.

వ్యోమనౌకలో ఉన్నవాళ్ల పరిస్థితి కూడా రేడియో ముందు కూర్చున్న శ్రోత పరిస్థితికి చాలా దగ్గర. బయట ఏముందో వాళ్లు కళ్లారా చూసేది తక్కువ. మీటర్ల మీది అంకెలు, గంట మోతలు, రేడియోలో వచ్చే గొంతు, వీటిని బట్టే ఏం జరుగుతోందో పోల్చుకోవాలి. దీనివల్ల రచయితకు పెద్ద చిక్కు తప్పుతుంది. మామూలు రేడియో నాటకంలో, కనిపిస్తున్న దాన్ని పాత్ర నోట చెప్పించడం కృతకంగా ఉంటుంది. వీధిలోంచి ఎవరో గొడుగు పట్టుకుని వస్తున్నారని పక్కనున్న మనిషికి ఎవరూ వర్ణించి చెప్పరు. వ్యోమనౌకలో మాత్రం పీడనం ఎంత పడిపోయిందో, ఇంధనం ఎంత మిగిలిందో పైకి చదివి చెప్పడం ఉద్యోగ ధర్మం. శ్రోతకు తెలియాల్సిన సంగతి ఎలాంటి బలవంతమూ లేకుండా సంభాషణలో ఇమిడిపోతుంది. ఖర్చు సంగతి సరేసరి. సినిమాకు సెట్లు కావాలి, ట్రిక్ ఫొటోగ్రఫీ కావాలి. రేడియోలో అయితే ఒక వాక్యం, వెనకాల ఒక గుయ్యిమనే మోత చాలు, శ్రోత శనిగ్రహం దాటిపోతాడు.

తొలి రోజులు

అమెరికాలో సి.బి.ఎస్. రేడియో 1932 నవంబరులో మొదలుపెట్టిన ‘బక్ రోజర్స్’ వైజ్ఞానిక కల్పనలో మొదటి రేడియో ధారావాహిక. పత్రికల్లో వచ్చే బొమ్మల కథ దానికి ఆధారం. 1935లో ‘ఫ్లాష్ గోర్డన్’ వచ్చింది. రెండూ ముఖ్యంగా పిల్లల కోసం నడిచినవే. రాకెట్లూ కిరణ తుపాకులూ తప్ప మనుషుల గురించి వాటిలో పెద్దగా ఏమీ ఉండదు.

ప్రక్రియకు నిజమైన పాఠం నేర్పిన ప్రసారం అంతరిక్షంలో జరిగేది కాదు. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం సి.బి.ఎస్.లో ప్రసారం చేసిన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ కథ భూమ్మీదే, న్యూజెర్సీ రాష్ట్రంలో నడుస్తుంది. హోవర్డ్ కోచ్ రాసిన స్క్రిప్టులో ఎక్కువ భాగం, సంగీత కార్యక్రమం మధ్యలో అడ్డొచ్చే వార్తల రూపంలో ఉంటుంది. భూమి మీద దాడికి వచ్చిన అంగారక వాసుల గొట్టం మూత మరలు ఊడుతున్న చప్పుడు కోసం సౌండ్ విభాగం వాళ్లు మరుగుదొడ్డిలోకి వెళ్లి గాజు సీసా మూత తిప్పారని చెబుతారు. విలేకరి పాత్ర వేసిన ఫ్రాంక్ రీడిక్, 1937లో హిండెన్‌బర్గ్ వాయునౌక తగలబడినప్పుడు హెర్బర్ట్ మారిసన్ అనే విలేకరి చేసిన వ్యాఖ్యాన రికార్డును పదేపదే విని, ఆ గొంతులోని వణుకును పట్టుకున్నాడు. అతని మాట సగంలో తెగిపోతుంది. ఆ తరవాత కొన్ని సెకన్లపాటు ఏ చప్పుడూ రాదు. ఆ మౌనాన్ని అంతసేపు సాగదీయడంలోనే వెల్స్ ప్రతిభ ఉంది. నాటకాన్ని నిజమైన వార్తలనుకుని ఆ రాత్రి దేశమంతా గగ్గోలెత్తిందన్న ప్రచారంలో పత్రికల అతిశయోక్తి చాలా ఉందని తరవాతి పరిశోధకులు తేల్చారు. నాటకం శిల్పం విలువ మాత్రం ఆ గగ్గోలు మీద ఆధారపడింది కాదు.

అణుబాంబు పడ్డ తరవాత రాకెట్ కథలకు గాంభీర్యం వచ్చింది. హిరోషిమా మీద బాంబు పడిన ఆరు వారాలకు, 1945 సెప్టెంబరు 20న, ఆర్క్ ఒబొలర్ ‘రాకెట్ ఫ్రమ్ మన్‌హాటన్’ ప్రసారం చేశాడు. చంద్రుడి దగ్గరి నుంచి తిరిగి వస్తున్న మనుషులు దూరం నుంచే భూమి మీద అణుయుద్ధం జరుగుతున్నట్టు గుర్తిస్తారు. వెళ్లేచోట కాకుండా, తిరిగి రావలసిన చోట ప్రమాదాన్ని పెట్టడం అప్పటికి కొత్త ఆలోచన.

1950ల అమెరికా

మ్యూచువల్ రేడియో సంస్థ 1950 మార్చిలో ‘2000 ప్లస్’ అనే పరంపరను ప్రారంభించింది. అందులోవి సొంత కథలు. కొద్ది వారాలకే, ఏప్రిల్ 8న, ఎన్.బి.సి. ‘డైమెన్షన్ ఎక్స్’ మొదలుపెట్టి 1951 సెప్టెంబరు దాకా 50 నాటికలు వినిపించింది. దీని దారి వేరు. పత్రికల్లో అప్పటికే పేరు తెచ్చుకున్న కథల్ని తీసుకుని ఎర్నెస్ట్ కినోయ్, జార్జ్ లెఫర్ట్స్ వంటి స్క్రిప్టు రచయితల చేత రేడియోకు మలిపించారు. రే బ్రాడ్‌బరీ, ఐజాక్ అసిమోవ్, రాబర్ట్ హైన్‌లైన్ కథలు లక్షల ఇళ్లకు చెవుల ద్వారా చేరాయి. అదే సంస్థ 1955 ఏప్రిల్ 24న ‘ఎక్స్ మైనస్ వన్’ పేరుతో రెండో పరంపర మొదలుపెట్టింది. తొలి నాటికలకు పాత స్క్రిప్టులనే వాడుకుని, తరవాత ‘అస్టౌండింగ్’, ‘గెలాక్సీ’ పత్రికల కథలకు మళ్లింది. 1958 జనవరి దాకా సాగింది.

‘ఎక్స్ మైనస్ వన్’ ప్రతివారం రాకెట్ ప్రయోగానికి ముందు అంకెలు వెనక్కి లెక్కపెట్టే గొంతుతో మొదలయ్యేది. ఆ లెక్కను జనానికి పరిచయం చేసింది ఫ్రిట్జ్ లాంగ్ 1929లో తీసిన ‘ఫ్రావ్ ఇమ్ మోండ్’ అనే జర్మన్ మూకీ సినిమా. మూకీలో అక్షరాలుగా తెర మీద కనిపించిన లెక్క రేడియోలో గొంతు తెచ్చుకుంది. ఇప్పుడు శ్రీహరికోట నుంచి వచ్చే రాకెట్ ప్రయోగాల ప్రత్యక్ష ప్రసారాల్లో దాన్నే ఎంతోమంది వింటున్నారు.

హైన్‌లైన్ రాసిన ‘యూనివర్స్’ రెండు పరంపరల్లోనూ ప్రసారమైంది. తరాల తరబడి ప్రయాణిస్తున్న నౌకలో పుట్టి పెరిగినవాళ్లు ఆ నౌకే విశ్వమంతా అనుకుంటారు. కిటికీ లేని గోడల మధ్య పెరిగిన మనుషుల కథ, కళ్లకు ఏమీ చూపించలేని మాధ్యమంలో చక్కగా ఒదిగింది.

ఒక నాటిక దగ్గరగా: ‘ది కోల్డ్ ఈక్వేషన్స్’

టామ్ గాడ్విన్ రాసిన ఈ కథ 1954 ఆగస్టు ‘అస్టౌండింగ్’ సంచికలో వచ్చింది. ‘ఎక్స్ మైనస్ వన్’ దాన్ని 1955 ఆగస్టు 25న నాటికగా వినిపించింది. పొట్టి అంతరిక్ష నాటిక ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

వోడెన్ అనే గ్రహం మీద ఒక చిన్న బృందం జ్వరం పాలైంది. వాళ్లకు మందు తీసుకుని ఒక అత్యవసర నౌక బయల్దేరింది. అందులో పైలట్ ఒక్కడే. బరువు ఎంతో లెక్కగట్టి సరిగ్గా అంతకే ఇంధనం ఇచ్చారు. బయల్దేరిన కాసేపటికి ఒక మీటరు ముల్లు కదులుతుంది. సామాను గదిలో ఒంటివేడి ఉన్న ప్రాణి ఏదో ఉందని దాని అర్థం. దొంగచాటుగా ఎక్కినవాళ్లను నౌకలోంచి బయటికి పంపేయాలన్నది నియమం. పైలట్ తుపాకీ తీసుకుని తలుపు తెరిపిస్తే బయటికి వచ్చింది పద్దెనిమిదేళ్ల అమ్మాయి, మారిలిన్. అన్న ఆ గ్రహం మీద పనిచేస్తున్నాడు. ఏళ్లుగా చూడలేదు. పట్టుబడితే జరిమానా కట్టవచ్చులే అనుకుంది. అదనపు బరువుతో నౌక దిగలేదు, కూలిపోతుంది. మందు కోసం చూస్తున్నవాళ్లు కూడా పోతారు. ఎంత గింజుకున్నా లెక్క మారదు. పైలట్ చేయగలిగిందల్లా నౌక వేగాన్ని సర్దుబాటు చేసి ఒక గంటకన్నా తక్కువ వ్యవధి సంపాదించడం. ఆ వ్యవధిలో ఆమె అమ్మానాన్నలకు ఉత్తరం రాస్తుంది. గ్రహం తిరుగుతూ అన్న ఉన్న శిబిరాన్ని రేడియో అందని వైపుకు తీసుకుపోయేలోగా అతనితో రెండు మాటలు మాట్లాడుతుంది. తరవాత ఎయిర్‌లాక్‌లోకి, అంటే శూన్యంలోకి తెరుచుకునే గదిలోకి, నడుస్తుంది.

నాటికలో ఏముందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఉన్నది ఒకే గది. ప్రధాన గొంతులు రెండు, ఒకటి మగ, ఒకటి ఆడ, కాబట్టి ఎవరు మాట్లాడుతున్నారన్న సందేహం శ్రోతకు క్షణమైనా రాదు. మూడో గొంతు రేడియోలోంచి వస్తుంది, అదీ పలచబడుతూ పోతుంది. కథలోని గడువూ ప్రసారానికి ఉన్న గడువూ కలిసే తరుగుతాయి కాబట్టి, వింటున్న మనిషి గోడ మీది గడియారం కూడా నాటకంలో చేరిపోతుంది. వీడ్కోలు మాటలు శిబిరం దాకా చేరడం, చేరకపోవడం అనే విషయాన్ని సిగ్నల్ బలమే నిర్ణయిస్తుంది. చదివేటప్పుడు ఇది సమాచారం. వినేటప్పుడు ఆ గొంతు తరిగిపోవడాన్ని శ్రోత తన చెవులతో అనుభవిస్తాడు. పుస్తకం కన్నా రేడియో ఈ కథకు మెరుగైన ఇల్లు అనిపించేది ఇందుకే.

పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఈ కథను పలుమార్లు తిప్పి పంపాడు. గాడ్విన్ ప్రతిసారీ అమ్మాయిని ఏదో ఒక ఉపాయంతో బతికించి పంపేవాడట. ఆమె చనిపోవడం భౌతికశాస్త్ర నియమమా, నౌకను కట్టినవాళ్ల నిర్లక్ష్యమా అన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. సామాను గదికి తాళం ఉండదా, బయల్దేరే ముందు ఒకసారి చూడరా, చుక్క ఇంధనం మిగులు లేకుండా ఎవరైనా పంపుతారా అని అడిగినవాళ్ల వాదనలో పస ఉంది. ప్రకృతి చేసిందని కథ చెప్పే హత్యను నిజానికి ఒక సంస్థ చేసింది. అయినా ప్రసారం సాగినంతసేపూ శ్రోతకు ఆ ప్రశ్నలు తట్టకుండా పట్టి ఉంచడం నాటిక సాధించిన విజయం.

బ్రిటన్

బి.బి.సి. లైట్ ప్రోగ్రామ్‌లో 1953 సెప్టెంబరు 21న మొదలైన ‘జర్నీ ఇంటూ స్పేస్’ రచన, నిర్మాణం ఛార్లెస్ చిల్టన్‌వి. అంతకు ముందు ఆయన రేడియోకు అమెరికా పశ్చిమ సీమ కథలు రాసేవాడు. 1965లో జరిగినట్టు ఊహించిన చంద్రయాత్రతో కథ మొదలై, 1954లో ప్రసారం మొదలైన రెండో పరంపరలో అంగారక యాత్రగా, 1955లో మొదలైన మూడో పరంపరలో భూమికి వచ్చే ముప్పుగా సాగింది. బ్రిటన్‌లో సాయంత్రం వేళ టెలివిజన్‌ను మించి శ్రోతల్ని సంపాదించిన చివరి రేడియో కార్యక్రమంగా దీన్ని చెప్పుకుంటారు.

నలుగురు వ్యోమగాముల గొంతులను చిల్టన్ యాసలతో విడదీశాడు. రేడియో ఆపరేటర్ లెమ్మీది తూర్పు లండన్ యాస, ఇంజనీరు మిచ్‌ది ఆస్ట్రేలియా యాస. పేరు పిలవక్కర్లేకుండానే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. చంద్రయాత్రలో లెమ్మీకి తన పరికరంలో వింత సంగీతం వినిపిస్తుంది. అంత దూరంలో సంగీతం వినిపించే అవకాశమే లేదు. అతని చెవిలో పడ్డదే శ్రోత చెవిలోనూ పడుతుంది. అంగారక యాత్రలో విటాకర్ అనే మనిషి ఎత్తుపల్లాలు లేని గొంతుతో, ఆజ్ఞల్ని మారు మాట్లాడకుండా పాటించాలని చెబుతూ ఉంటాడు. అతనిలో ఏదో తేడా ఉందని శ్రోతకు తెలియజేసేది ఆ చదునైన గొంతే. ముఖానికి రంగు పూసి చేయాల్సిన పని ఇక్కడ స్వరం చేసింది.

1958లో బి.బి.సి. రేడియోఫోనిక్ వర్క్‌షాప్ ఏర్పడింది. డాఫ్నీ ఓరమ్, డెస్మండ్ బ్రిస్కో దాని స్థాపకులు. టేపు ముక్కల్ని కత్తిరించి, అతికించి, వేగం మార్చి, తిరగేసి, లోకంలో లేని శబ్దాల్ని వాళ్లు తయారు చేశారు. ఆ పనితనం ఫలితం బాగా వినిపించిన నాటకం డగ్లస్ ఆడమ్స్ రాసిన ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’. రేడియో 4లో 1978 మార్చి 8న మొదలైంది. మొదటి భాగంలోనే, అంతరిక్ష రహదారికి అడ్డం వచ్చిందని భూమిని పడగొట్టేస్తారు. స్టీరియోలో, సినిమా సౌండ్‌ట్రాక్ అంత దట్టంగా శబ్దాన్ని పేర్చారు. యంత్రాల గొంతులకు విడిగా మార్పులు చేయాలి కాబట్టి ఇతరుల మాటలు కలవకుండా కొందరు నటుల్ని అల్మరా లాంటి ఇరుకు చోట్లలో మైకు ముందు కూర్చోబెట్టేవారు. నవల, టెలివిజన్ ధారావాహిక, సినిమా ఆ తరవాతే వచ్చాయి.

1981లో జేమ్స్ ఫాలెట్ రాసిన ‘ఎర్త్‌సెర్చ్’ పది భాగాలుగా వచ్చింది. ఛాలెంజర్ అనే నౌకలో పుట్టి పెరిగిన నలుగురు యువతీ యువకులు, వాళ్లను పెంచిన ఏంజెల్ వన్, ఏంజెల్ టూ అనే రెండు కంప్యూటర్లు ఇందులో పాత్రలు. ఇంటికి తిరిగి వస్తే భూమి ఉండాల్సిన చోట భూమి లేదు. శరీరం లేని కంప్యూటర్ పాత్ర రేడియోలో మనిషితో సమానమవుతుంది, ఎందుకంటే అక్కడ మనిషికీ శరీరం లేదు. తల్లిలా లాలిస్తూ అబద్ధమాడే ఆ గొంతుల్ని ఫాలెట్ ఈ సమానత్వం మీదే కట్టాడు.

శబ్దంతో కట్టే పని

శూన్యంలో శబ్దం ప్రయాణించదు. నియమాన్ని నిక్కచ్చిగా పాటిస్తే బయట జరిగే పేలుడు కూడా వినపడకూడదు. పాటించిన నాటకాలకు దీనివల్ల మేలే జరిగింది. వినిపించేదంతా నౌక లోపలి శబ్దమే కాబట్టి ఉల్కాశకలం తగిలితే గోడ మోగుతుంది, రంధ్రం పడితే గాలి ఈలవేస్తుంది, అంతే. ఆడుతున్నంతసేపూ వెనకాల సన్నగా వినిపించే యంత్రాల హోరు నౌక ప్రాణంతో ఉందని చెబుతుంది. దానికి అలవాటు పడ్డ చెవి, అది ఆగిన క్షణాన కంగారు పడుతుంది. ఏ పాత్రా నోరు విప్పనక్కర్లేదు.

దగ్గర, దూరం అన్న తేడా మైకుతో తెలుస్తుంది. పెదవులు మైకుకు ఆనించి మాట్లాడితే శిరస్త్రాణం లోపలి ఊపిరి, రెండడుగులు వెనక్కి వేస్తే గది అవతలి మూల. రేడియోలో వచ్చే గొంతు కోసం స్వరంలోని కింది, పై పౌనఃపున్యాలను కోసేస్తారు. టెలిఫోన్ లైన్లలో నడిచే 300 నుంచి 3400 హెర్ట్‌జ్ మధ్య ముక్కను మాత్రం ఉంచితే శ్రోత దాన్ని తీగలోంచో, ఆకాశంలోంచో వచ్చిన గొంతుగా పోల్చుకుంటాడు. పాతరోజుల్లో పెద్ద హాలు ధ్వని కోసం ఖాళీ గదిలో స్పీకరూ మైకూ పెట్టి ప్రతిధ్వని తీసేవారు.

నిజమైన యాత్రలు కూడా నాటకాలకు శబ్దాన్ని అందించాయి. అపోలో చంద్రయాత్రల రేడియో సంభాషణల్లో మాటకు ముందూ వెనకా వినిపించే చిన్న కూతలు క్విండార్ టోన్లు. భూమ్మీది ట్రాన్స్‌మిటర్లను దూరం నుంచి ఆన్ చేయడానికి 2525 హెర్ట్‌జ్, ఆఫ్ చేయడానికి 2475 హెర్ట్‌జ్, ఒక్కొక్కటి పావు సెకను. ఇంజనీర్లు తమ పని కోసం పెట్టుకున్న సంకేతం అది. తరవాతి నాటకాల్లో అంతరిక్షం అనగానే వినిపించే గుర్తు అయింది.

దూరం, ఆలస్యం

రేడియో తరంగం కాంతి వేగంతో పోతుంది. అయినా చంద్రుడికి 1.3 సెకన్లు, అంగారకుడికి స్థానాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు, నెప్ట్యూన్‌కు నాలుగు గంటలు పడుతుంది. సూర్యుడి తరవాత అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీకి నాలుగేళ్ల పైమాటే. సుదూర అంతరిక్షంలో నౌకకూ భూమికీ మధ్య ప్రశ్న జవాబుల సంభాషణ కుదిరే పని కాదు.

చాలా నాటకాలు ఏదో ఊహాత్మక పరికరం పెట్టుకుని ఈ ఆలస్యాన్ని దాటేశాయి. అది చేతికందిన నిధిని వదులుకోవడమే. విన్న గొంతు ఇప్పటిది కాదు, మాట్లాడిన మనిషి ఈపాటికి ఉన్నాడో లేడో తెలియదు అన్న స్థితి ఏ రేడియో ప్రసారానికైనా, రికార్డుకైనా సహజం. కథలోని దూరమూ మాధ్యమ స్వభావమూ ఒకే చోట కలుస్తాయి. ఆలస్యాన్ని ఒప్పుకున్న నాటికలు సంభాషణకు బదులు లాగ్‌ను ఆశ్రయించాయి. నౌకలో రోజూ నమోదు చేసే గొంతు చిట్టా అది. ఒక్క నటుడితో నాటికంతా నడుస్తుంది, కథకుడు ఎవరికి చెబుతున్నాడన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

టెలివిజన్ తరవాత, పాడ్‌కాస్టులు

1950ల చివరికి అమెరికాలో ప్రకటనదారులు టెలివిజన్‌కు తరలిపోయారు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరాక అంతరిక్షం మీద ఆసక్తి పెరిగింది గానీ, మూడు నెలలకే ‘ఎక్స్ మైనస్ వన్’ ఆగిపోయింది. ఆ తరవాత చెప్పుకోదగ్గ ప్రయత్నం నేషనల్ పబ్లిక్ రేడియో 1981లో పదమూడు భాగాలుగా చేసిన ‘స్టార్ వార్స్’. జార్జ్ లూకస్ ఒక్క డాలరుకు హక్కులిచ్చాడు. బ్రయన్ డేలీ స్క్రిప్టు రాశాడు, మార్క్ హామిల్, ఆంథొనీ డేనియల్స్ సినిమాలో వేసిన పాత్రలకే గొంతులిచ్చారు.

2010ల్లో ఇంటర్నెట్ ప్రసారం చవకయ్యాక స్టేషన్ల అనుమతి అక్కర్లేకుండా నాటకం చేసే వీలు వచ్చింది. గేబ్రియల్ ఉర్బీనా రూపొందించిన ‘వుల్ఫ్ 359’ 2014 ఆగస్టు నుంచి 2017 డిసెంబరు దాకా 61 భాగాలు సాగింది. ఆ పేరున్న ఎర్ర మరుగుజ్జు నక్షత్రం నిజంగానే ఉంది, దూరం దాదాపు 7.9 కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ తిరిగే కేంద్రంలో సంకేతాలు వినే ఉద్యోగి డగ్ ఐఫెల్ చేసే లాగ్‌లతో కథ మొదలవుతుంది. అతనికీ శూన్యంలోంచి సంగీతం వినిపిస్తుంది. చిల్టన్ నాటకంలో లెమ్మీ విన్నదానికి ఆరు దశాబ్దాల తరవాతి ప్రతిధ్వనిగా ఇది తోస్తుంది. తొలి భాగాల్లో హాస్యంగా నడిచిన ధారావాహిక, నలుగురైదుగురు మనుషులు ఒకరినొకరు నమ్మలేని ఇరుకు గదుల కథగా బరువెక్కింది. సారా రియా వెర్నర్ ‘గర్ల్ ఇన్ స్పేస్’ 2017లో మొదలైంది. రచన, ప్రధాన పాత్ర గొంతు రెండూ ఆమెవే. ఒంటరి స్త్రీ శాస్త్రవేత్త లాగ్‌తో ఎంత నాటకం సాధ్యమో అది చూపించింది. పెద్ద సంస్థలు కూడా తిరిగి వచ్చాయి. ‘ఏలియన్’ సినిమాల లోకంలోని కథల్ని డర్క్ మ్యాగ్స్ 2016 నుంచి ఆడిబుల్ సంస్థకు శ్రవ్య నాటకాలుగా తీశాడు.

భారతదేశం, తెలుగు

కోల్‌కతాలో రేడియో మిర్చి 2009లో ప్రారంభించిన ‘సండే సస్పెన్స్’ కార్యక్రమం సత్యజిత్ రాయ్ రాసిన ప్రొఫెసర్ శంకు కథల్ని శబ్దరూపంలో విస్తృతంగా వినిపించింది. ఆ పాత్ర తొలి కథ 1961లో వచ్చిన అంగారక యాత్ర, అదీ దినచర్య రూపంలో ఉంటుంది. లాగ్ నాటికకు అంతకన్నా తయారుగా ఉన్న ముడిసరుకు భారతీయ భాషల్లో అరుదు.

తెలుగు శ్రోతకు చెవితో నాటకం చూడటం పాత అలవాటు. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. పౌరాణిక, చారిత్రక, సాంఘిక నాటకాలు ఇంటింటా వినిపించాయి. సినిమా సౌండ్‌ట్రాక్‌ను కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రాన్ని జనం పనులు మానుకుని విన్నారు. తెలుగు గొంతు నిజమైన సుదూర అంతరిక్షానికి కూడా వెళ్లింది. 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకల్లోని బంగారు రికార్డులో 55 భాషల పలకరింపుల మధ్య తెలుగు పలకరింపు ఉంది. 2012 ఆగస్టులో వాయేజర్ 1 సూర్యుడి ప్రభావ మండలం దాటింది.

అంతరిక్ష నాటికకు పనికొచ్చే గుణాలు తెలుగులో పుష్కలంగా ఉన్నాయి. క్రియ వాక్యం చివర వస్తుంది, అవునో కాదో తేలేది కూడా అక్కడే. ‘లోపలి తలుపు మూసు...’ దగ్గర సిగ్నల్ తెగిపోతే, మూసుకుందో మూసుకోలేదో శ్రోతకు తెలియదు. ఆ ఉత్కంఠకు రచయిత అదనంగా ఏమీ చేయనక్కర్లేదు. నౌకలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్నది మీరు, నువ్వు అనే పిలుపులతోనే తెలుస్తుంది. కెప్టెన్‌ను అంతదాకా మీరు అన్న మనిషి ఆపద ముదిరిన ఘడియలో నువ్వు అన్నాడంటే, అధికారం చేతులు మారిందని వివరించి చెప్పే పని లేదు. చిల్టన్ యాసలతో చేసిన విభజనను గోదావరి, రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర మాటతీరులతో ఇంకా సహజంగా చేయవచ్చు, యాసను నవ్వు కోసం వాడే అలవాటు మానుకుంటే.

పొట్టి నాటిక కట్టుబడి

అరగంట లోపు నాటికకు మూడు నాలుగు గొంతులు మించితే శ్రోత తికమకపడతాడు. వయసు, స్వరస్థాయి, మాట్లాడే వేగం ఒకదానికొకటి ఎడంగా ఉండేలా నటుల్ని ఎంచుకోవాలి. కథ ప్రయాణం మధ్యలోనే మొదలవాలి. భూమ్మీద వీడ్కోళ్లు, ప్రయోగం సన్నివేశం సమయాన్ని తినేస్తాయి. ఒక్క లెక్క మాత్రం మొదటి రెండు మూడు నిమిషాల్లో శ్రోత మనసులో పడాలి. మిగిలిన గాలి కావచ్చు, ఇంధనం కావచ్చు, సిగ్నల్ అందే వ్యవధి కావచ్చు. తరవాతి ప్రతి మాటా ఆ లెక్కలోంచి తీసివేతే. కొత్త పరికరాల పేర్లు గుప్పిస్తే చెవి పట్టుకోలేదు. పుటలో అయితే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు, ప్రసారంలో ఆ వీలు ఉండదు. అందుకే అనుభవం ఉన్న రచయితలు ఒకటి రెండు పేర్లతో సరిపెట్టి, వాటినే వేర్వేరు సందర్భాల్లో మళ్లీ మళ్లీ పలికిస్తారు.

లభ్యత

‘డైమెన్షన్ ఎక్స్’ నాటికలన్నీ, ‘ఎక్స్ మైనస్ వన్’లో దాదాపు అన్నీ రికార్డులుగా మిగిలాయి. ‘2000 ప్లస్’లో కొన్నే దక్కాయి. ‘జర్నీ ఇంటూ స్పేస్’ మొదటి పరంపర టేపుల్ని చెరిపేయడంతో 1958లో దాన్ని ‘ఆపరేషన్ లూనా’ పేరుతో కుదించి మళ్లీ రికార్డు చేశారు. విదేశీ ప్రసారాల కోసం ఒత్తిన డిస్కులు 1986లో దొరికాక మిగతా భాగాలు తిరిగి శ్రోతలకు అందాయి. చిల్టన్ ఆ పాత్రలకు చివరిగా 2008లో ‘ఫ్రోజెన్ ఇన్ టైమ్’ రాశాడు.